సిగ్నల్ నిండుగా చూపిస్తోంది, కాల్ మాత్రం వెళ్లట్లేదు – పీఏ ఐసీ (సిగ్నల్ బయటికి పంపే పవర్ ఆంప్లిఫయర్ చిప్పు) మార్చమంటున్నారు, మార్చేయాలా?

కోనసీమ_సర్వీస్ – సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. అమలాపురం దగ్గర చిన్న రిపేర్ షాపు నాది, పెట్టి మూడేళ్లు అవుతోంది. కాంబోలు (డిస్ప్లే, టచ్ కలిపి ఉండేవి), చార్జింగ్ బోర్డులు, బ్యాటరీలు ధైర్యంగా చేస్తాను, నెట్‌వర్క్ కంప్లైంట్ అంటే మాత్రం ఇంకా టెన్షనే. ఇప్పుడు ఒక 4జీ ఫోన్ నాలుగు రోజులుగా బల్ల మీదే ఉంది.

ఫోన్ ఒక రొయ్యల చెరువు చూసుకునే ఆయనది. నెల క్రితం కింద పడితే వేరే చోట కాంబో, చార్జింగ్ బోర్డు మార్పించారట. అప్పటి నుంచీ ఇదే గోల. బార్లు నిండుగా ఉంటాయి. నంబర్ కొడితే ఇరవై ముప్పై సెకన్లు అలాగే ఉండి కట్ అయిపోతుంది. ఆయనకి ఎవరైనా చేస్తే స్విచ్ ఆఫ్ అనో కవరేజీ ఏరియాలో లేరనో చెబుతుంది. టౌన్లో టవర్ పక్కన ఉన్నప్పుడు ఒక్కోసారి కలుస్తుంది, చెరువు గట్టు మీద అసలు కలవదు, అక్కడ బార్ల పక్కన క్రాస్ గుర్తు వచ్చి పోతూ ఉంటుంది. రెండు సిమ్‌లూ అంతే.

ఇంతవరకు చేసినవి: వేరే సిమ్ వేశాను, నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేశాను, సాఫ్ట్‌వేర్ కూడా కొట్టాను. *#06# కొడితే ఫోన్ గుర్తింపు నంబర్లు, అదే ఐఎంఈఐ, రెండూ వస్తున్నాయి, బాక్స్ మీదవాటితో సరిపోయాయి. బేస్‌బ్యాండ్ వెర్షన్ (నెట్‌వర్క్ భాగం సాఫ్ట్‌వేర్) కూడా చూపిస్తోంది. మా పక్క ఊళ్లో సీనియర్ ఒకాయన "ట్రాన్స్‌మిషన్ పోయింది, పీఏ ఐసీ మార్చెయ్" అన్నారు. ఐసీ దొరుకుతుంది, కానీ ఆ షీల్డ్ ఎత్తి హాట్ ఎయిర్ (వేడి గాలి గన్) పెడితే పక్కనున్నవి కూడా కదిలిపోతాయేమోనని భయంగా ఉంది. రాత్రి కరెంటు పోయి చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగితే జనరేటర్ మనిషికి ఫోన్ చేయాల్సింది ఈయనే, అందుకే రోజూ వచ్చి అడుగుతున్నారు. ఏం చేయమంటారు?

గాజువాక_శీను – సోమవారం, రాత్రి 9:32

తమ్ముడూ, చార్జింగ్ బోర్డు మార్చిన తర్వాత వచ్చిందంటున్నావు కదా, ముందు ఆంటెన్నా కేబుల్ చూడు. పై బోర్డు నుంచి కింద బోర్డుకు బ్యాటరీ పక్కగా సన్నగా పోయే నల్ల తీగ, దాని రెండు చివర్లూ సరిగ్గా నొక్కారో లేదో. నాకు వచ్చే నెట్‌వర్క్ కంప్లైంట్లలో ఎక్కువ భాగం ఆ తీగ చివరి టోపీ సరిగ్గా కూర్చోక వచ్చినవే. మా సముద్రం గాలికి స్ప్రింగులు కూడా పచ్చగా పాచి పడతాయి, మీ చెరువుల దగ్గరా అంతే ఉంటుంది.

కోనసీమ_సర్వీస్ – సోమవారం, రాత్రి 9:40

తీసి మళ్లీ నొక్కాను అన్నా, టిక్ మని పడింది. తేడా ఏమీ లేదు.

బెంచ్_బాబాయ్ – సోమవారం, రాత్రి 10:55

పీఏ జోలికి ఇప్పుడే పోకు నాయనా. ఇరవై ఏళ్లుగా కోఠీలో బల్ల ముందు కూర్చుంటున్నాను, నెట్‌వర్క్ లేదని వచ్చి ఎక్కడో హాట్ ఎయిర్ తిని నా దగ్గరికి చేరే బోర్డులు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అందులో చాలావాటికి ఐసీ బాగానే ఉంటుంది.

ముందు ఒక్క విషయం తేల్చుకో. ఫోన్‌కి వినపడుతోందా, ఫోన్ మాట్లాడగలుగుతోందా? ఈ రెండూ వేరు వేరు. బార్లు అంటే టవర్ చెప్పేది ఫోన్‌కి వినపడుతోందని మాత్రమే అర్థం. ఫోన్ చెప్పేది టవర్‌కి వినపడుతోందో లేదో ఆ బార్లకు తెలియదు. కస్టమర్లు సరే, మెకానిక్కులు కూడా దీన్ని కలిపేస్తారు.

వినికిడికి పరీక్ష: సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ తీసేసి నెట్‌వర్క్‌లు చేత్తో వెతికించు. రెండు మూడు నిమిషాల్లో నీ ఊళ్లో ఉన్న ఆపరేటర్ల పేర్లన్నీ రావాలి. వస్తే రిసీవర్ దారి బతికే ఉంది. ఒక్కటీ రాకపోతే అప్పుడు రిసీవర్, క్రిస్టల్ (రేడియోకి గడియారంలాంటిది), ట్రాన్స్‌సీవర్ (రేడియో చిప్పు) సప్లైలు అంటూ ఆలోచించాలి. తర్వాత *#*#4636#*#* కొట్టి సిగ్నల్ విలువ డీబీఎంలో (సిగ్నల్ బలం కొలత) రాసుకో. అదే సిమ్ వేరే మంచి ఫోన్‌లో వేసి అదే బల్ల మీద అదే చోట పెట్టి మళ్లీ రాసుకో. 4జీ విలువ మైనస్ 85 అంటే బాగుంది, మైనస్ 115 దాటితే కష్టం.

మాటకి పరీక్ష పాత కాలపుది, ఇప్పటికీ పనికొస్తుంది. 2జీ నడుస్తున్న సిమ్ వేసి, ఫోన్‌ని 2జీ ఒక్కదానికే పెట్టి, ఆన్ చేసిన కంప్యూటర్ స్పీకర్ పక్కనో పాత రేడియో పక్కనో ఉంచి నంబర్ కొట్టు. టక్ టక్ టర్ర్‌ర్ అని మోగాలి. 2జీలో ఫోన్ ఆగకుండా ప్రసారం చేయదు, సెకనుకు 217 సార్లు చిన్న చిన్న తునకలుగా కొడుతుంది, స్పీకర్ వైర్లు దాన్నే పట్టి మోగిస్తాయి. మొదటి రెండు సెకన్ల చప్పుడే లెక్క, టవర్ దగ్గరైతే ఆ తర్వాత పవర్ తగ్గించమని ఫోన్‌కి చెబుతుంది. మంచి ఫోన్‌తో కూడా చేసి ఎంత దూరం నుంచి మోగుతోందో చూడు.

ఈ నాలుగూ చేసి అంకెలతో రా. అప్పటిదాకా హాట్ ఎయిర్ స్విచ్ వేయకు.

ఓరుగల్లు_మైక్రో – సోమవారం, రాత్రి 11:20

బాబాయ్ చెప్పింది నిజమే గానీ అంత టైమ్ ఎక్కడుంది. నేనైతే పీఏ అవుట్‌పుట్ నుంచి ఆంటెన్నాకి నేరుగా జంపర్ తీగ లాగేస్తాను, పది నిమిషాల పని, సిగ్నల్ వస్తుంది, కస్టమర్ వెళ్లిపోతాడు.

బెంచ్_బాబాయ్ – సోమవారం, రాత్రి 11:41

వెళ్లిపోతాడు, నెలకి తిరిగొస్తాడు. మధ్యలో ఉన్న ఆంటెన్నా స్విచ్, డూప్లెక్సర్ ఊరికే పెట్టలేదు కదా. 4జీ బ్యాండ్లలో, అంటే పౌనఃపున్యాల వరసల్లో, చాలావాటికి ఫోన్ మాట్లాడటం, వినడం ఒకేసారి జరుగుతాయి. 1800లో 1710 నుంచి 1785 మెగాహెర్ట్జ్ దాకా మాట్లాడుతుంది, 1805 నుంచి 1880 దాకా వింటుంది. ఆ రెంటినీ విడదీసేది డూప్లెక్సర్. దాన్ని దాటించి తీగ లాగితే తన గొంతే తన చెవిలో పడి చెవుడు వస్తుంది. పైగా నీ జంపర్ ఒక్క బ్యాండ్‌కే దారి, మిగతా బ్యాండ్లు చచ్చినట్టే. ఊరు దాటితే కాల్ కట్. పరీక్ష కోసం ఒక్క నిమిషం పెట్టి చూడు, కాదనను, అది పెట్టి డబ్బు తీసుకోవడం మాత్రం తప్పు.

ఓరుగల్లు_మైక్రో – సోమవారం, రాత్రి 11:58

పాత రెండు బ్యాండ్ల ఫోన్ల నుంచి వచ్చిన అలవాటు బాబాయ్ అది. 4జీ ఫోన్లలో కొన్ని తిరిగొచ్చిన మాట నిజమే. ఒప్పుకుంటున్నాను.

పల్నాడు_రవి – మంగళవారం, ఉదయం 7:15

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, ఇది కూడా ఎవరికైనా పనికొస్తుంది. పోయిన నెల నా దగ్గరికి సెకండ్ హ్యాండ్ ఫోన్ ఒకటి వచ్చింది. ఆపరేటర్లు అందరూ కనిపిస్తున్నారు, ఏ సిమ్ వేసినా రిజిస్టర్ కావట్లేదు. ట్రాన్స్‌మిషన్ అనుకుని మూడు రోజులు దాని మీదే కూర్చున్నాను. చివరికి ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, పదిహేను అంకెల ఐఎంఈఐ రాసి 14422కి మెసేజ్ పెడితే తెలిసింది, ఆ ఫోన్ బ్లాక్‌లో ఉంది. ఎవరో పోగొట్టుకున్నదో దొంగిలించిందో అయ్యుంటుంది. కొన్న కుర్రాడికి పాపం ఏమీ తెలియదు, బిల్లు లేకుండా కొన్నాడు. ప్రభుత్వ సంచార్ సాథీ సైట్‌లో కూడా చూసుకోవచ్చు. నెట్‌వర్క్ పని ఏది వచ్చినా ఇప్పుడు మొదట ఇదే చూస్తున్నాను.

బెంచ్_బాబాయ్ – మంగళవారం, ఉదయం 8:02

మంచి మాట చెప్పావు రవీ. ఇక్కడే ఇంకోటి కూడా చెప్పాలి, చదివే పిల్లలు చాలామంది ఉన్నారు. అలాంటి ఫోన్ తెచ్చి ఐఎంఈఐ మార్చిపెట్టమని అడుగుతారు, డబ్బు కూడా ఎక్కువ ఇస్తామంటారు. చేయకండి. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలు, యాభై లక్షల వరకు జరిమానా. షాపు, బతుకు రెండూ పోతాయి.

కోనసీమ ఫోన్‌కి ఇది వర్తించదు. టవర్ పక్కన కలుస్తోంది కదా, బ్లాక్ అయితే ఎక్కడా కలవదు.

కోనసీమ_సర్వీస్ – మంగళవారం, మధ్యాహ్నం 2:30

రవి అన్నా, ఎందుకైనా మంచిదని చూశాను, ఐఎంఈఐ శుభ్రంగా ఉంది. బాబాయ్ గారూ, మీరు చెప్పినవన్నీ చేశాను.

చేత్తో వెతికిస్తే నాలుగు ఆపరేటర్ల పేర్లూ వచ్చాయి. 4జీలో ఈ ఫోన్ మైనస్ 88, నా ఫోన్‌లో అదే సిమ్ మైనస్ 84. తేడా నాలుగే. అప్పుడు నాకే అనిపించి స్పీడ్ టెస్ట్ కూడా పెట్టాను. ఈ ఫోన్‌లో డౌన్‌లోడ్ 14, అప్‌లోడ్ 0.3 ఎంబీపీఎస్. నా ఫోన్‌లో డౌన్‌లోడ్ 17, అప్‌లోడ్ 8. అప్‌లోడ్ చూసి ఆశ్చర్యపోయాను.

స్పీకర్ పరీక్ష: నా ఫోన్ అడుగున్నర దూరం నుంచే గట్టిగా టర్ర్‌ర్ అంటోంది. ఈ ఫోన్ రెండు అంగుళాల దగ్గర పెడితే సన్నగా వినిపిస్తోంది, అంతకంటే జరిపితే ఏమీ లేదు.

అంటే ట్రాన్స్‌మిషన్ పోయినట్టే కదండీ? మా సీనియర్ చెప్పిందే నిజమా?

ఆర్ఎఫ్_లక్ష్మి – మంగళవారం, సాయంత్రం 6:45

బెంగళూరులో హ్యాండ్‌సెట్ టెస్టింగ్‌లో ఆరేళ్లు పనిచేశాను, రిపేరు బల్ల అనుభవం లేదు కాబట్టి ఆ భాగం బాబాయ్ గారికే వదిలేస్తాను. కానీ మీరిచ్చిన అంకెలు చాలా చెబుతున్నాయి.

మొదటిది, ఈ ఫోన్ 2జీలోనూ 4జీలోనూ రెండింట్లోనూ మాట్లాడలేకపోతోంది. చాలా ఫోన్లలో 2జీకి పవర్ ఆంప్లిఫయర్ వేరు, 4జీకి వేరు. 4జీలోనూ తక్కువ బ్యాండ్లయిన 850, 900కి ఒక దారి, 1800, 2100కి ఒక దారి, 2300, 2500కి ఇంకో దారి ఉంటుంది. అన్ని ఆంప్లిఫయర్లూ ఒకే రోజు చెడిపోవడం చాలా అరుదు. అన్నీ ఒకేసారి బలహీనపడ్డాయంటే అన్నీ కలిసి వెళ్లే చోట తప్పు ఉండాలి. అంటే ఆంటెన్నా స్విచ్ దగ్గర నుంచి ఆంటెన్నా వరకు. కింద పడటం, తర్వాత బోర్డు విప్పి బిగించడం, రెండూ ఆ దారినే దెబ్బతీస్తాయి.

రెండోది, మరి వినికిడి ఎందుకు బాగుంది? 4జీ ఫోన్‌లో కనీసం రెండు ఆంటెన్నాలు ఉంటాయి. మామూలుగా కింద ఉండేది ప్రధాన ఆంటెన్నా, వినడం మాట్లాడటం రెండూ దానివే. పైన ఉండేది డైవర్సిటీ, అది వినడానికి మాత్రమే. ఫోన్ చూపించే సిగ్నల్ విలువ ఆ రెంటిలో బాగున్నదానికంటే తక్కువ ఉండకూడదని ప్రమాణాల్లోనే ఉంది. కాబట్టి కింది ఆంటెన్నా దారి తెగినా పైది విని బార్లు నింపేస్తుంది. కింది దారి వినికిడి కూడా పడిపోయే ఉంటుంది, మీకు కనపడట్లేదు అంతే. కొన్ని ఫోన్లలో రెండు ఆంటెన్నాల మధ్య మార్చుకునే స్విచ్ ఉంటుంది, అలాంటివాటికి ఈ లెక్క పూర్తిగా సరిపోదు.

మూడోది, టవర్ పక్కన కలిసి చెరువు దగ్గర కలవకపోవడం. 4జీ ఫోన్ గరిష్ఠంగా 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్లు పంపుతుంది, 900 బ్యాండ్ 2జీలో 2 వాట్ల దాకా. దారిలో 10 డీబీ పోతే పదో వంతే బయటికి వస్తుంది. టవర్ దగ్గరుంటే ఫోన్ పవర్ పెంచుకుని ఆ నష్టాన్ని పూడ్చుకుంటుంది. దూరం వెళ్తే అప్పటికే గరిష్ఠంలో ఉంటుంది, పెంచడానికి ఇంకేమీ మిగలదు. అందుకే ఒక ప్రశ్న: బ్యాటరీ త్వరగా అయిపోతోందని, ఫోన్ పైభాగం వేడెక్కుతోందని ఆయన చెప్పారా?

కోనసీమ_సర్వీస్ – మంగళవారం, సాయంత్రం 7:05

మేడమ్, అచ్చం అదే అన్నారు! మధ్యాహ్నానికల్లా చార్జింగ్ అయిపోతోందని చెబితే బ్యాటరీ కూడా మార్చాలేమో అనుకున్నాను.

గాజువాక_శీను – మంగళవారం, సాయంత్రం 7:30

లక్ష్మి గారి పోస్ట్ స్క్రీన్‌షాట్ తీసి షాపులో కుర్రాళ్లకి పంపాను. రెండు ఆంటెన్నాల సంగతి ఇంత విడమర్చి ఎవరూ చెప్పలేదు.

తమ్ముడూ, ఇంకో చిన్న పరీక్ష. డీసీ మెషిన్ (బ్యాటరీ బదులు కరెంటు ఇచ్చి, ఎంత తాగుతోందో చూపేది) మీద ఫోన్ ఆన్ చేసి, 2జీలో పెట్టి, డిస్ప్లే వెలుగు తగ్గించి కాల్ కొట్టు. కరెంటు ముల్లు ఎగిరెగిరి పడాలి. పడితే పీఏ తాగుతోంది, పని చేస్తోంది. కదలకుండా ఉంటే పీఏకి సప్లై రావట్లేదో, అది చచ్చిందో. ముల్లు మీటర్ అయితే ఇంకా బాగా తెలుస్తుంది, డిజిటల్‌లో అంకెలు ఆలస్యంగా మారతాయి.

డాలస్_సుజాత – మంగళవారం, రాత్రి 9:15

నమస్తే అండీ. నాదొక చిన్న ప్రశ్న, వేరే చర్చ పెట్టాలేమో తెలియదు. అమ్మ ఇండియాలో కొన్న ఫోన్ తీసుకుని ఇక్కడికి వచ్చింది. బయట బాగానే ఉంటుంది, ఇంట్లోకి వస్తే నో సర్వీస్. నా ఫోన్‌కి ఇంట్లో బాగానే వస్తుంది. ఇక్కడి షాపులో ఆంటెన్నా పోయి ఉంటుందన్నారు. నిజంగా పోయిందంటారా?

ఆర్ఎఫ్_లక్ష్మి – మంగళవారం, రాత్రి 9:50

సుజాత గారూ, విప్పించకండి. అమెరికాలో ఇళ్లలోకి బాగా చొరబడేవి 600, 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు, అంటే 71, 12, 13. ఇండియా మార్కెట్ కోసం చేసిన చాలా ఫోన్లలో అవి ఉండవు. బయట ఉన్నప్పుడు పై బ్యాండ్ల మీద నడుస్తుంది, గోడలు అడ్డం వస్తే అవి ఆగిపోతాయి. అమ్మగారి ఫోన్ మోడల్ నంబర్‌కి ఏ బ్యాండ్లున్నాయో చూడండి. వైఫై కాలింగ్ ఆన్ అవుతుందేమో ప్రయత్నించండి, కాకపోతే అక్కడి ఫోన్ ఒకటి ఇవ్వడమే మేలు.

డాలస్_సుజాత – మంగళవారం, రాత్రి 10:20

చూశాను, ఆ మూడూ లేవు. చాలా థాంక్స్ అండీ, రేపు వెళ్లి రిపేరుకి ఇద్దామనుకున్నాం.

కోనసీమ_సర్వీస్ – బుధవారం, మధ్యాహ్నం 1:10

శీను అన్నా, డీసీ మెషిన్ మీద పెట్టాను. కాల్ కొట్టగానే ముల్లు ఎగురుతోంది, డిస్ప్లే తాగేది పోను 300 మిల్లీ ఆంప్స్ దాకా పోయి వస్తోంది. అంటే పీఏ పని చేస్తోంది.

తర్వాత కేబుల్ విడిగా తీసి మీటర్‌తో చూశాను. నడుమ పిన్ను ఈ చివర నుంచి ఆ చివరకు 0.3 ఓమ్స్, నడుమ పిన్నుకూ పై తొడుగుకూ మధ్య ఏమీ లేదు. అయినా కొత్త కేబుల్ వేసి చూశాను, స్పీకర్ చప్పుడు అంతే. కానీ ఒకటి దొరికింది! చార్జింగ్ బోర్డు మీద కేబుల్ పడే చోట నడుమ పిన్నుకూ గ్రౌండుకూ మీటర్ పెడితే బీప్ అంటోంది. షార్ట్ ఉంది. కొత్త బోర్డు తెప్పించమంటారా?

బెంచ్_బాబాయ్ – బుధవారం, మధ్యాహ్నం 1:45

ఆగు. అక్కడ బీప్ వస్తే అది షార్ట్ అని చెప్పడానికి లేదు. స్టాటిక్ కరెంటు లోపలికి పోకుండా ఆంటెన్నా దారిలో గ్రౌండుకు చిన్న కాయిల్ పెడతారు. మీటర్ ఇచ్చే డీసీకి అది తీగ ముక్క, 900 మెగాహెర్ట్జ్‌కి అది గోడ. ఆంటెన్నా ఆకారమే గ్రౌండుకు కలిపి ఉండేవి కూడా ఉన్నాయి. దీన్ని చూసి మంచి బోర్డులు పారేసినవాళ్లు నాకు తెలుసు. అదే మోడల్ మంచి బోర్డు ఉంటే పక్కన పెట్టి పోల్చు, అందులోనూ బీప్ వస్తే వదిలెయ్.

అయినా దీన్ని తేల్చడానికి మీటర్ అక్కర్లేదు, తీగ చాలు. సన్నటి ఎనామిల్ రాగి తీగ ఎనిమిది సెంటీమీటర్లు కత్తిరించు. 900 మెగాహెర్ట్జ్ అల 33 సెంటీమీటర్లు, అందులో పావు వంతు ఎనిమిదికి కాస్త ఎక్కువ, అదే నీ ఆంటెన్నా. చివర ఎనామిల్ గీకు. కేబుల్ తీసేసి పై బోర్డు కనెక్టర్ నడుమ పిన్నుకి ఆ తీగ తాకించి 2జీలో కాల్ కొట్టు, స్పీకర్ విను. చప్పుడు గట్టిగా వస్తే పై బోర్డు బాగుంది, కేబుల్ నుంచి కిందికి తప్పు. చప్పుడు అలాగే సన్నగా ఉంటే తప్పు పై బోర్డులోనే. రెండు మూడు కాల్స్ కంటే ఎక్కువ కొట్టకు, తీగ పక్క పిన్నులకు తగలకుండా చూసుకో.

కోనసీమ_సర్వీస్ – బుధవారం, సాయంత్రం 5:20

పోల్చాను, మంచి చార్జింగ్ బోర్డులో కూడా బీప్ వస్తోంది. మీరు ఆపకపోతే ఊరికే ఇంకో బోర్డు డబ్బులు పోయేవి.

తీగ పరీక్షలో పై బోర్డు కనెక్టర్ నడుమ పిన్నుకి తాకించినా చప్పుడు సన్నగానే ఉంది. అంటే పై బోర్డే. ఆంటెన్నా స్విచ్చా మరి? మళ్లీ ఐసీ దగ్గరికే వచ్చామా?

బెంచ్_బాబాయ్ – బుధవారం, సాయంత్రం 5:38

ఇంకొక్క అడుగు మిగిలింది. ఆ కనెక్టర్‌కీ ఆంటెన్నా స్విచ్‌కీ మధ్య గసగసాల గింజంత కెపాసిటరో కాయిలో ఉంటుంది. స్కీమాటిక్ (బోర్డు సర్క్యూట్ పటం) ఉంటే చూసుకో, లేకపోతే కనెక్టర్ నడుమ కాలు నుంచి వెళ్లే గీతను మైక్రోస్కోప్ కింద పట్టుకుని వెళ్లు. ఆ కాంపోనెంట్‌కి కనెక్టర్ వైపున్న చివరకు తీగ తాకించు. తర్వాత కనెక్టర్‌ని నాలుగు వైపులా పట్టి చూడు, పై నుంచి కాదు, బోర్డు వంచి పక్క నుంచి.

కోనసీమ_సర్వీస్ – బుధవారం, రాత్రి 8:50

బాబాయ్ గారూ!!! కాంపోనెంట్ దగ్గర తీగ తాకించగానే స్పీకర్ అదిరింది. అడుగున్నర దూరం నుంచి, నా ఫోన్ కంటే కాస్త ఎక్కువే అనిపించింది.

మైక్రోస్కోప్ కింద బోర్డు వంచి చూస్తే కనెక్టర్ నడుమ కాలు దగ్గర సీసం మీద వెంట్రుకంత గీత. పట్టకారుతో కనెక్టర్‌ని కొద్దిగా నెడితే ఆ గీత తెరుచుకుని మూసుకుంటోంది. ఒక పక్క గ్రౌండ్ కాలు కూడా లేచి ఉంది. పై నుంచి చూస్తే మెరుస్తూ కొత్తదానిలా ఉంది, అందుకే మూడు సార్లు చూసి కూడా వదిలేశాను. మొన్న చార్జింగ్ బోర్డు మార్చినప్పుడు కేబుల్‌ని నిలువుగా ఎత్తకుండా పక్కకి లాగి ఉంటారు.

ఒక డౌట్. నడుమ కాలు తెగిపోతే అసలు సిగ్నలే వెళ్లకూడదు కదా, టవర్ పక్కన ఎలా కలిసింది?

ఆర్ఎఫ్_లక్ష్మి – బుధవారం, రాత్రి 9:12

డీసీకి అది తెగినట్టే. రేడియో పౌనఃపున్యాల్లో ఆ వెంట్రుకంత సందు చిన్న కెపాసిటర్‌లా పనిచేస్తుంది, కొంత శక్తి దాటుకుని వెళ్తుంది. అందుకే పూర్తిగా చావకుండా కొన ఊపిరితో నడిచింది. పైన ఉన్న పౌనఃపున్యాలు అలాంటి సందుని ఇంకాస్త తేలిగ్గా దాటతాయి. ఇలాంటి కేసుల్లో 2300 బ్యాండ్ కాస్త నడిచి 850, 900 ఎక్కువ దెబ్బతినడం ల్యాబ్‌లో కూడా చూశాను. దూరంగా చెరువుల దాకా వచ్చేవి ఆ తక్కువ బ్యాండ్లే.

బెంచ్_బాబాయ్ – బుధవారం, రాత్రి 9:30

శభాష్. ఇప్పుడు తొందరపడకు. పాత కనెక్టర్‌నే వేడి చేసి కూర్చోబెట్టవచ్చు గానీ, గ్రౌండ్ కాలు లేచిందంటున్నావు, స్క్రాప్ బోర్డు నుంచి అదే సైజుది తీసి వెయ్యి. ఫ్లక్స్ తక్కువ పెట్టు, కనెక్టర్ కప్పులోకి ఫ్లక్స్ గానీ సీసం గానీ పోతే కేబుల్ ఇక ఎప్పటికీ పట్టదు. పక్కన ప్లాస్టిక్ సాకెట్లు ఉంటే టేప్ కప్పు. చల్లారాక ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కడిగి ఆరనిచ్చి అప్పుడు కేబుల్ నొక్కు. తీసేటప్పుడు ఎప్పుడైనా పలచటి పనిముట్టు తల కింద పెట్టి నిలువుగా ఎత్తాలి, తీగ పట్టుకుని లాగకూడదు.

పల్నాడు_రవి – బుధవారం, రాత్రి 10:05

బాబాయ్, దీనికి తలకిందులు కేసు కూడా ఒకసారి చెప్పండి, అంటే మాట్లాడగలదు గానీ వినలేని ఫోన్.

బెంచ్_బాబాయ్ – బుధవారం, రాత్రి 10:40

అసలు వినలేని ఫోన్ మాట్లాడటం మొదలే పెట్టదు రవీ, టవర్ ముందు వినపడితేనే ఫోన్ నోరు విప్పుతుంది. అందుకే రిసీవర్ పోయిన ఫోన్ వెతుకుతూనే ఉంటుంది, చేత్తో వెతికించినా ఒక్క పేరూ రాదు. ఐఎంఈఐ, బేస్‌బ్యాండ్ బాగుండి పేర్లు రాకపోతే నేను మొదట చూసేది ఆంటెన్నా దారే, ఇప్పుడు కోనసీమ చేసిన పద్ధతిలోనే. తర్వాత ట్రాన్స్‌సీవర్‌కి వచ్చే సప్లైలు, దాని చుట్టూ కెపాసిటర్లలో షార్ట్. తర్వాత క్రిస్టల్, క్వాల్‌కామ్ బోర్డుల్లో చాలావాటిలో 19.2 మెగాహెర్ట్జ్, పాత మీడియాటెక్ వాటిలో 26. క్రిస్టల్ కింద పడిన దెబ్బకి కొద్దిగా పక్కకి జరిగితే ఫోన్ ఆన్ అవుతుంది, ఆటలాడుకోవచ్చు, టవర్ మాత్రం ఎంతకీ దొరకదు.

ఒక్క ఆపరేటర్ పేరు మాత్రమే రాకపోతే అది వేరే కథ. ఒక బ్యాండ్ దారిలో ఆ బ్యాండ్‌ని వడకట్టే సా ఫిల్టరో డూప్లెక్సరో పగిలిందని అర్థం. ఐఎంఈఐ గానీ బేస్‌బ్యాండ్ గానీ అసలే కనపడకపోతే ఈ పరీక్షలేవీ పెట్టుకోకు, అది రేడియో దాకా రాని జబ్బు.

కోనసీమ_సర్వీస్ – గురువారం, సాయంత్రం 4:15

కనెక్టర్ మార్చాను. రెండు ప్రయత్నాలు పట్టింది, మొదటిసారి కాస్త వంకరగా కూర్చుంది, తీసి మళ్లీ వేశాను. ఇప్పుడు అంకెలు: సిగ్నల్ మైనస్ 85, అంటే మారింది మూడే. అప్‌లోడ్ 0.3 నుంచి 9కి పోయింది. స్పీకర్ అడుగున్నర నుంచి మోగుతోంది. గంట సేపు వీడియో కాల్‌లో ఉంచాను, పైభాగం గోరువెచ్చగా ఉంది అంతే.

పీఏ ఐసీ వాపస్ ఇచ్చేశాను, కవర్ కూడా విప్పలేదు. కస్టమర్ దగ్గర కనెక్టర్ పనికి మాత్రమే తీసుకున్నాను.

ఓరుగల్లు_మైక్రో – గురువారం, సాయంత్రం 5:02

బార్లు మారకుండా అప్‌లోడ్ ముప్పై రెట్లు మారింది, ఇది గుర్తుండిపోతుంది. రేపటి నుంచి నెట్‌వర్క్ ఫోన్ తీసుకునేటప్పుడే కస్టమర్ ముందు అప్‌లోడ్ పరీక్ష పెట్టి రసీదు మీద రాస్తాను. చేసేముందు ఎంత, చేశాక ఎంత.

గాజువాక_శీను – గురువారం, సాయంత్రం 5:20

ఫోన్ మళ్లీ ఆ చెరువు దగ్గరికే పోతుంది తమ్ముడూ. ఇచ్చేముందు ఆంటెన్నా స్ప్రింగులు అన్నీ ఐపీఏతో తుడువు, బ్యాక్ కవర్ గమ్ చుట్టూ కొత్తది వెయ్యి. ఉప్పు తేమ లోపలికి పోతే ఈ కనెక్టరే ఏడాదికి పచ్చబడుతుంది.

కోనసీమ_సర్వీస్ – గురువారం, సాయంత్రం 5:45

చేశాను అన్నా. ఇప్పుడే వచ్చి తీసుకెళ్లారు. చెరువు దగ్గర ఎలా ఉందో రాత్రి చెబుతామన్నారు.

కోనసీమ_సర్వీస్ – శుక్రవారం, ఉదయం 7:30

రాత్రి 11:40కి చెరువు గట్టు మీద నుంచి ఆయనే నాకు ఫోన్ చేశారు. వెనకాల ఏరేటర్ల చప్పుడు తెరలు తెరలుగా వినిపిస్తోంది. జనరేటర్ అబ్బాయికి కూడా చేసి చూశారట, ఒక్క రింగుకే కలిసిందన్నారు. ఆరు నిమిషాలు మాట్లాడారు, గట్టు ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూనే. ఒక్కసారి కూడా కట్ కాలేదు.